తూర్పుగట్టు ముంత మసాలా

నమోదు 301

గాలి బాగుంది. ఒత్తిడి నిలకడగా ఉంది. వడపోతలు శుభ్రంగా ఉన్నాయి. గాలి విభాగం రోజువారీ నమోదులో పేజీ ఖాళీగా వదలకూడదని నియమం ఉంది. కాబట్టి షిఫ్టు పెద్దగా నేను, బోని హైమవతి, ఇవాళ తిండి సంగతి రాస్తున్నాను. ఊళ్ళో ఇంకో మాట వినబడడం లేదు మరి.

చందమామ మీద మా తూర్పుగట్టుకు ఉన్నది ఒకే ఒక్క చిరుతిళ్ళ దుకాణం, వేడివేడి కౌంటరు. అక్కడ పునుగుల ప్లేటు మళ్ళీ ఒక టోకెను పెరిగింది. సాయంత్రం టీ వేళకు వరస సొరంగం మలుపు దాకా వెళ్ళింది. రేటు పెరిగినందుకు తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా తిట్టేసి కొనుక్కునే వెళ్ళారు.

ఈ సొరంగాలు తవ్విన మొదటి జట్టులో ఇంకా మిగిలి ఉన్నవాడు అప్పన్న మావ. నాకు చుట్టం కాదు, ఊరందరికీ మావే. ఆయన ప్లేటులోంచి ఒక పునుగు వేళ్ళతో పట్టుకుని దీపం కింద తిప్పి చూశాడు.

"ఇది పునుగేటి, గోళీకాయ. రేటు పెంచినప్పుడు సైజెందుకు తగ్గించాల? రెండిట్లో ఏదో ఒకటి సెయ్యాల గదా," అన్నాడు.

కౌంటరు నడిపే ఫణీంద్ర ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా చేతిలో ఏముందండీ. సరుకంతా గడ్డకట్టించి కింద భూమి నుంచి పంపిస్తారు. ఓడ కిరాయి పెరిగితే పునుగు పెరుగుతుంది. నేను వేడి చేసి ఇచ్చేవాణ్ణి, అంతే."

వరసలో మాటలు సాగాయి. నూడుల్సే నయం, కడుపైనా నిండుతుందని ఒకరు. నూడుల్సు తిండేమిటి, తాడు మింగినట్టుంటుందని ఇంకొకరు. మా పిల్లకు బర్గరు తప్ప ఏదీ గొంతు దిగదని ఒక తల్లి. బజ్జీలో వాము లేకపోతే అది బజ్జీయే కాదని వెనక నుంచి ఎవరో.

మా వదిన సత్యవేణి మాత్రం ఏమీ కొనలేదు. అన్నయ్య భార్య, ఇటుకల బట్టీలో పని చేస్తుంది. బయటి మట్టిని కరిగించి గోడలకు ఇటుకలు పోసే బట్టీ అది. చేతులు కట్టుకుని బోర్డు వైపు చూస్తూ నాతో అంది: "ఇంత ఊరు కట్టీసినాం. గాలి మనదే, నీళ్ళు మనవే. సాయంత్రం పూట పిడికెడు తిండికి మాత్రం కిందోళ్ళ కేసి నోరు తెరుసుకుని సూస్తన్నాం. నీకు సిగ్గుగా నేదా హైమా?"

నాకు అప్పటిదాకా లేదు. ఆవిడ అన్నాక వచ్చింది.

నమోదు 304

గాలి బాగుంది.

మెస్సులో భోజనానికి లోటు లేదు. అన్నం, ఆకుకూర, సోయా ముద్ద. ఒంటికి మంచివే. కానీ ఇక్కడ బరువు తక్కువ, ముక్కులు ఎప్పుడూ దిబ్బడేసినట్టు ఉంటాయి, రుచి సగమే తెలుస్తుంది. కారంగా, కరకరలాడుతూ ఏదైనా తగిలితేనే నాలుక లేస్తుంది. చిరుతిండి సరదా కాదు ఇక్కడ. అది తింటేనే భోజనం మీదికి మనసు పోతుంది.

ఇవాళ వదిన వరి పండించే మడుల గదికి వెళ్ళి, తన వాటా బియ్యం వండకుండానే తీసుకుంది. ఏం చేస్తావంటే, "మరమరాలు," అంది.

"నూనె కాచకూడదని రూలుంది కదా వదినా."

"మరమరాలకి నూనెందుకే. ఉప్పు నీళ్ళు పట్టించి ఆరబెట్టి, కాలిన ఇసకలో ఏస్తే పొంగుతాయి. మా అమ్మమ్మోళ్ళు అల్లాగే సేసేవోరంట. బట్టీ కాడ గాజు పూసలు గంపలకి గంపలు పారేస్తన్నాం. ఇసక బదులు అవే."

మరమరాలు ఉంటే ముంత మసాలా కలపవచ్చు. ఉల్లిపాయలు, టమాటాలు, కొత్తిమీర ప్రతి ఇంటి ట్రేలోనూ పండుతున్నాయి. వదిన చెబుతుంటే నా నోట్లో నీళ్ళు ఊరాయి.

నమోదు 307

గాలి బాగా లేదు.

ఉదయం షిఫ్టులో బట్టీ వైపు పొగ అలారం మోగింది. నేను వెళ్ళేసరికి వదిన ఇనప మూకుడులో గాజు పూసలు ఎర్రగా కాల్చి బియ్యం వేస్తోంది. కొన్ని పొంగాయి, ఎక్కువ మాడాయి. ఆ నుసి, పొట్టు, పొగ కలిసి బట్టీ వడపోతను మూసేశాయి. పక్క సొరంగంలో చంటిపిల్లల గది ఉంది. ఆ గదికి గాలి కూడా ఇదే గొట్టంలో పోతుంది.

బట్టీ ఆపేయమన్నాను.

"ఇంకొక్క వాయి సూడనీవే. ఎంత ఏడి కావాలో ఇప్పుడే సేతికి తెలిసొస్తంది," అంది వదిన.

"ఒక్క వాయి కూడా వద్దు. ఇక్కడ మళ్ళీ చేయకూడదు. షిఫ్టు పెద్దగా చెప్తున్నాను."

ఆవిడ నన్ను ఒకసారి చూసి, మూకుడు దించి, చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. "అయితే అమ్మగారు సెప్పినట్టే," అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నన్ను హైమా అనే పిలిచింది.

రాత్రి మెస్సులో వేరే బల్ల దగ్గర కూర్చుంది. అన్నయ్య మా ఇద్దరి మధ్య కంచం పట్టుకుని కాసేపు నిలబడి, చివరికి ఆవిడ దగ్గరకే వెళ్ళాడు. నేను చేసింది తప్పు కాదు. అయినా అన్నం సహించలేదు.

నమోదు 311

గాలి బాగుంది.

రేటు మళ్ళీ పెరిగింది. వరస పొట్టిదైంది. అందులో అప్పన్న మావ లేడు.

ఆస్పత్రి ముందు బెంచీ మీద కనిపించాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. పునుగులు మానేశాక మెస్సు తిండి కూడా సగం వదిలేస్తున్నాడట. బరువు బాగా పడిపోయిందని డాక్టరు చెప్పింది. ఓడ వచ్చేలోగా పుంజుకోకపోతే కిందికి పంపడం తప్ప దారి లేదని, ఆయన పేరు మీద ఓడలో ఒక సీటు కూడా అట్టేపెట్టిందట.

"నా టోకెన్లు తీసుకో మావా," అన్నాను.

"సాల్లే. నేను తవ్విన సొరంగంలో నువ్వు నాకు పునుగులు కొనిపెడతావేటి," అన్నాడు నవ్వుతూనే. తర్వాత నవ్వు ఆపేశాడు. "కింద నాకేటుంది హైమా. పొద్దెక్కినప్పుడు ఈ గట్టు మీద ఎలుగు పడ్డం సూడకపోతే నాకు తెల్లారినట్టుండదు."

ఇన్నాళ్ళూ రేట్లంటే టీ దగ్గరి కబుర్లనే అనుకున్నాను.

నమోదు 313

గాలి బాగుంది. ఒక వింత రాయాలి.

బయటికి పనికి వెళ్ళేవాళ్ళు ముందు తలుపు గదిలోకి వెళ్తారు. లోపలి తలుపు మూసి, గదిలో గాలి తోడేసి, అప్పుడు బయటి తలుపు తీస్తాం. ఇవాళ ఒక కుర్రాడు పనిముట్ల పెట్టెలో చిప్సు పొట్లం మరిచిపోయాడు. గాలి తోడుతుంటే అద్దంలోంచి చూశాను. పొట్లం బూరలా ఉబ్బి, పగిలి, చిప్సు గదంతా చిమ్మింది. కుర్రాడు తలుపు తీయకముందే సిగ్గుపడిపోయాడు.

నేను అలాగే నిలబడిపోయాను. బియ్యపు గింజ పొంగేది లోపలి తడి ఆవిరై బయటికి తన్నడం వల్ల. ఆ తన్నడానికి ఎర్రగా కాలిన ఇసకే అక్కర్లేదు. గింజను గట్టి మూత డబ్బాలో మాడనంత వేడి చేసి, గాలి లేని చోట మూత తీస్తే చాలు. గాలి లేని చోటుకు మాకు కొదవ లేదు. తలుపు అవతల ఉన్నదంతా అదే.

షిఫ్టు దిగగానే వదిన గదికి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, గడపకు అడ్డంగా నిలబడింది.

"నీ మూకుడు ఆపించింది నేనే. ఇప్పుడైనా ఆపిస్తాను. కానీ మూకుడు లేకుండా చేసే దారి ఒకటి తట్టింది, వింటావా?"

నేను చెబుతున్నంతసేపూ ముఖం గంటు పెట్టుకునే ఉంది. చివరికి అడిగింది: "మూతెవులు తీస్తారు?"

"తీగ కట్టి ఇవతల నుంచి లాగుదాం."

"తీగ కాదే. స్ప్రింగు మూత పెట్టాల. బట్టీలో పాత ట్యాంకొకటుంది." అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "రాయే, నిలబడ్డావేటి."

నమోదు 316

ఈ నమోదు జాగ్రత్తగా రాస్తున్నాను.

ఇవాళ రెండో తలుపు గదిలో ట్యాంకు పెట్టాం. వదిన దాన్ని బట్టీలో వేడి చేసి, దుప్పట్లలో చుట్టి తెచ్చింది. నేను గాలి తోడి, మిగిలింది కూడా పోవాలని బయటి తలుపు ఓరగా తీశాను. ఆవిడ మీట నొక్కింది. మూత ఎగిరింది.

చప్పుడే లేదు. గాలి లేదు కదా, చప్పుడెలా వస్తుంది. అద్దం అవతల తెల్లటి గింజలు గుప్పుమని లేచి, గోడలకు తగిలి, తీరిగ్గా నేల మీదికి దిగాయి. మల్లెపూలు రాల్చినట్టుంది. వదిన నా భుజం పట్టుకుంది.

తర్వాత బయటి తలుపు మూసి గదిలోకి గాలి వదిలాను. తలుపు బిగిస్తే పచ్చగా మారాల్సిన దీపం ఎర్రగానే ఉంది. ఒక మరమరం బయటి తలుపు రబ్బరు అంచులో ఇరుక్కుంది. తలుపు పూర్తిగా బిగుసుకోలేదు, గాలి కారిపోతోంది. అదే సమయానికి బయట పని ముగించుకుని ఇద్దరు ఆ తలుపు దగ్గరకే వస్తున్నారు. వాళ్ళను అయిదో తలుపుకు మళ్ళించాను. గట్టు చుట్టూ నడిచి వచ్చారు. ఊపిరికి సరిపడా గాలి ఉంది, ఏమీ కాలేదు.

కానీ ఆ ఇద్దరూ లోపలికి వచ్చి హెల్మెట్లు తీసేదాకా నేను అయిదో తలుపు అద్దం దగ్గర నుంచి కదలలేదు. మరమరాల ఆత్రంలో వాడకంలో ఉన్న తలుపు తీసుకున్నాను. వల పెట్టాలని తోచలేదు. నా మీద ఫిర్యాదు నేనే ఇచ్చాను.

నమోదు 317

ఊరి అధికారి గ్రేస్‌మణి గారు సమావేశపు గదిలోకి పిలిచారు. వదిన, ఫణీంద్ర, మడుల గదివాళ్ళు, చాలామంది వచ్చారు.

"హైమవతీ, నీ మీద వేరే ఎవరూ ఏమీ అనలేదు. నువ్వే చెప్పుకున్నావు. ఏం చేయమంటావు?" అని అడిగారామె.

"శిక్ష మీరు వేయండి. పని మాత్రం ఆపొద్దు," అన్నాను.

ఫణీంద్ర లేచాడు. తన వ్యాపారం పోతుందని అడ్డు చెబుతాడనుకున్నాను. "నేనొక మాట చెప్పొచ్చా అండీ. కిందివాళ్ళు రేటు పెంచినప్పుడల్లా తిట్లు నాకు, లాభం వాళ్ళకు. పోటీ అంటూ ఒకటి ఇక్కడ ఉంటే నేను వాళ్ళతో బేరమాడగలను. ఇప్పుడు నా మాట వినేవాడే లేడు," అన్నాడు.

గ్రేస్‌మణి గారు తీర్పు చెప్పారు. షిఫ్టు పెద్ద హోదా వచ్చే చీకటి పక్షం, ఇక్కడి రెండు వారాల రాత్రి, మొదలయ్యేదాకా నాకు ఉండదు. ఆ హోదాకు గుర్తుగా చేతికి కట్టుకునే నీలం పట్టీ విప్పి బల్ల మీద పెట్టాను. నమోదు రాసే పని నా దగ్గరే ఉంచారు. మరమరాలకు మాత్రం వాడకం లేని పాత తలుపు గది ఒకటి ఇచ్చారు. గింజలు చిమ్మకుండా వల ఉండాలి. ఆవిరిని చల్లబరిచి నీళ్ళు తిరిగి పట్టాలి. ప్రతి వాయి తర్వాతా తలుపు అంచులు తుడిచి చూపించాలి.

బయటికి వచ్చాక వదిన నా ఖాళీ జబ్బ మీద చెయ్యి వేసింది. "నా వల్లే గదా," అంది.

"మన వల్ల," అన్నాను. పట్టీ పోయినందుకు బాధ ఉంది. అయినా తల దించుకోవాలనిపించలేదు.

నమోదు 323

గాలి బాగుంది.

ఇవాళ పాత తలుపు గది ముందు వదిన బల్ల వేసింది. దాని మీద పెద్ద స్టీలు ముంత. మరమరాలు, తరిగిన ఉల్లిపాయలు, పుల్లటి టమాటా, కొత్తిమీర, ఉప్పు, కారం. వేయించిన సోయా గింజలు ఫణీంద్ర తన వేడి గాలి పెట్టెలో చేసి ఇచ్చాడు. గరిటె ముంతలో గలగలమంటుంటే సొరంగాల్లోంచి జనం ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి గిన్నె వాళ్ళే తెచ్చుకోవాలి. గిన్నెడు ఒక టోకెను.

అభిప్రాయాలకు కొదవ లేదు. మరీ తెల్లగా ఉన్నాయి, వేపిన వాసన లేదని ఒకరు. కింద నిమ్మకాయ పిండేవారు, అది లేకుండా ముంత మసాలా ఏమిటని ఒకరు. బర్గరు తప్ప తినదన్న పిల్ల తన గిన్నె ముగించి తల్లి గిన్నెలో చెయ్యి పెట్టింది.

అప్పన్న మావ చివరగా వచ్చాడు. ఒక పిడికెడు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. కరకర అందరికీ వినబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కారం ఎక్కువైనాదా మావా?" అంది వదిన.

"సరిపోనాది. ఇంకో గిన్ని కలుపు," అన్నాడు. ఆ తర్వాత మెస్సుకు వెళ్ళి అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

నమోదు 334

గాలి బాగుంది. ఇవాళ మా వంతు వచ్చింది.

మడుల గదిలో వరికి తెగులు తగిలింది. బియ్యం తగ్గింది, మాకు ఇచ్చే బియ్యం ధర పెరిగింది. ఇదివరకు ఫణీంద్ర నిలబడిన చోట ఇప్పుడు వదిన నిలబడింది. అతనే వచ్చి మెల్లగా సలహా చెప్పాడు. "రేటు పెంచకండి, గరిటె కొంచెం చిన్నది వాడండి. ఎవరూ గమనించరు."

"అప్పన్న మావ గమనిస్తాడు," అంది వదిన. "ఆయన గమనించకపోయినా నాకు తెలుస్తాది గదా."

సాయంత్రం వరస నిండుగా ఉన్నప్పుడు గరిటె పక్కన పెట్టి అందరితో చెప్పింది. "బియ్యం రేటు పెరిగినాది. గరిటి మార్సను. టోకెనున్నర అవుతాది, లేదంటే ఉల్లిపాయలు, టమాటాలు మీ ట్రేలనించి తెచ్చి పడెయ్యండి, పాత రేటుకే కలుపుతాను. దాసేది ఏటీ నేదు."

కాసేపు గొణుగుడు. ఒకాయన మీరూ కంపెనీవాళ్ళలాగే తయారయ్యారన్నాడు. వదిన ముఖం ఎర్రబడింది గానీ, మడుల గదికి వెళ్ళి కళ్ళారా చూసి రమ్మంది. ఆయన నిజంగానే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు తన గదిలోంచి కొత్తిమీర కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఎవరి వైపూ చూడకుండా.

రాత్రయ్యేసరికి బల్ల కింద ఉల్లిపాయల గంప నిండింది. గ్రేస్‌మణి గారు తన ఆరు టమాటాలు స్వయంగా తెచ్చి, వరసలోనే నిలబడ్డారు. రేటు పెరగలేదు, గరిటె తగ్గలేదు. ఈ ఊళ్ళో బతుకుతున్నందుకు ఛాతీ ఉప్పొంగిన రోజులు నాకు కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలో ముందు నిలిచేది ఇదే.

నమోదు 340

గాలి బాగుంది. నా నీలం పట్టీ తిరిగి ఇచ్చారు.

అప్పన్న మావ బరువు సరిపోయింది. డాక్టరు ఆయన సీటు రద్దు చేసింది. ఆస్పత్రి నుంచి తిన్నగా గట్టు మీది కిటికీ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. వెలుగు రావడానికి ఇంకా చాలా వ్యవధి ఉందని చెప్పాను.

"తెలుసులే. తొందరేటుంది ఇప్పుడు," అన్నాడు.

నమోదు 342

ఓడ వచ్చింది. ఫణీంద్ర బేరం కొంతవరకు ఫలించింది. పునుగుల రేటు తగ్గలేదు గానీ, ఈసారి పెరగనూ లేదు. పునుగు సైజు కూడా కాస్త తేరుకుంది.

ఓడ నడిపే రజియా విశాఖపట్నం అమ్మాయి. ముంత చప్పుడు విని వచ్చి, ఒక గిన్నెడు తీసుకుని, నిలబడే తిన్నది. వదిన ఆవిడ ముఖంలోకే చూస్తోంది. పైకి ధీమాగా ఉంది గానీ, కలిపిన ముంతనే మళ్ళీ కలుపుతోంది.

"కారం తక్కువ, ఉల్లి ఎక్కువ," అంది రజియా. "మా బీచ్ రోడ్డులో ఇలా ఉండదు. కానీ ఈ మరమరాలు ఇంత తేలిగ్గా, నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఎలా వచ్చాయి? కింద ఎక్కడా తినలేదు నేను."

"కింద రావు. గాలడ్డుపడతాది," అంది వదిన.

రజియా నవ్వి, ఇంకో గిన్నె తిని, తర్వాత అసలు మాట అడిగింది. ఒక పెద్ద డబ్బా నిండా మరమరాలు కావాలట. తనకు, తన వాళ్ళకు, అడిగితే అమ్మడానికి కూడా. ఎంతకిస్తారంది.

వదిన నా వైపు చూసింది. ఇన్నేళ్ళుగా మా తలుపుల్లోంచి తిండి లోపలికే వచ్చింది. బయటికి ఒక్క గింజ వెళ్ళింది లేదు.

"ఈ ఊరోళ్ళకి ఎంతో మీకూ అంతే," అంది వదిన. ఆగి, గరిటె ముంత అంచుకు కొట్టి దులిపింది. "ఒకటి మాత్రం సెప్తన్నానమ్మా. కిందికెల్లినాక దాని మీద ఓడ కిరాయి ఏసి అమ్మకండి. పాపం, కిందోళ్ళు మాత్రం అన్ని డబ్బులు ఎక్కణ్ణించి తెస్తారు."

డబ్బా నేనే రజియా వెంట తలుపు గది దాకా మోసుకెళ్ళాను. తలుపు అంచులు రెండుసార్లు తుడిచి, దీపం పచ్చగా వెలిగాక, గాలి తోడే మీట నొక్కాను.